అమ్మ దస్తూరిలో నాన్న

మయూర్ విహార్, ఢిల్లీ
14 జులై 2003

పూజ్యులైన నాన్నగారికి ఉమ నమస్కరించి రాసేది.

ఫోనులో మీకు సరిగ్గా వినపడక తమ్ముడు మధ్యలో నిలబడి అరిచి చెప్పాల్సి వస్తోంది. అలా అరిచి చెప్పించే సంగతి కాదని ఉత్తరం మొదలుపెట్టాను. ఎప్పటిలా అమ్మే చదివి వినిపిస్తుంది కాబట్టి, ఇది మీ ఇద్దరికీ అనుకోండి.

నిన్న ఇషితను కొట్టాను. చెంప మీద. తొమ్మిదేళ్ళ పిల్లని.

హిందీ పాఠంలో పది వాక్యాలు చదవమన్నాను. ఒక్కో మాట దగ్గరా వేలు పెట్టుకుని కూర్చుంటుంది. మొదటి పంక్తిలో చదివిన మాటే రెండో పంక్తిలో వస్తే ఎన్నడూ చూడనట్టు చూసింది. "ఇప్పుడేగా చదివావు?" అంటే "ఎప్పుడు?" అంది. వేళాకోళం ఆడుతోందనుకున్నాను. చెయ్యి లేచిపోయింది. అది ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని తిరగేసి చూసి, "మమ్మీ, ఆప్‌కో లగీ?" అంది. నీకు దెబ్బ తగిలిందా అని నన్నడుగుతోంది నాన్నా! నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

స్కూలు వాళ్ళు రెండుసార్లు పిలిచారు. ఇప్పటికే మూడో క్లాసు రెండోసారి చదువుతోంది. ఈసారి కూడా ఇలాగే ఉంటే వేరే స్కూలు చూసుకోమన్నారు. విష్ణుగారు నోయిడా ఆఫీసు నుంచి అలిసి వచ్చి, "బద్ధకం, ఇంకో ట్యూషన్ పెట్టించు" అంటారు. ఇప్పటికే రెండున్నాయి.

కరోల్ బాగ్‌లో మనం ఉన్న మేడమీద గది ఈ మధ్య తరచుగా గుర్తొస్తోంది. ఎండాకాలం సాయంత్రాలు డాబా మీద బక్కెట్లతో నీళ్ళు చల్లేవాళ్ళం, వేడి సిమెంటు మీంచి పొగ లేచేది. పొద్దున మీరు అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే నేను మెట్టు మీద కూర్చుని మీకు పేపరు చదివేదాన్ని. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా. తడబడితే మీరెప్పుడూ కసరలేదు. "తొందర లేదు, మళ్ళీ చదువు" అనేవారు. నాకు చదువు మీద ఇష్టం అక్కడే పుట్టింది. మీకున్న ఆ ఓపిక నాకెందుకు రాలేదు? నన్ను ఎలా చదివించారో కాస్త చెప్పండి. అదే ఇక్కడా చేసి చూస్తాను.

మీ
ఉమ

కాకినాడ
26 జులై 2003

చిరంజీవి సౌభాగ్యవతి ఉమను నాన్న ఆశీర్వదించి రాయించునది.

ఇక్కడ అందరం క్షేమం. వానలు బాగా పడుతున్నాయి.

పిల్లను కొట్టకు. ఇంకెప్పుడూ కొట్టకు. రెండు ట్యూషన్లూ మానిపించు. మీ ఆయనతో నేను చెప్పానని చెప్పు.

నిన్ను నేను చదివించలేదమ్మా. నువ్వే చదువుకున్నావు. ఆ పేపరు సంగతి ఇప్పుడెందుకు?

కరోల్ బాగ్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది చప్పుడు. మన సందులోకి జామకాయల బండివాడు వస్తే చక్రం కీచుమనేది. ఆ కీచును బట్టి బండి నిండా కాయలున్నాయో, సగం అమ్ముడయ్యాయో చెప్పేవాణ్ణి. నువ్వు కిందికి పరిగెత్తి చూసొచ్చి, "నాన్నా, నిజమే!" అని గంతులేసేదానివి.

ఇషితకు ఏం చేస్తుంటే బావుంటుందో, ఒక్కత్తే ఉన్నప్పుడు దేంతో ఆడుకుంటుందో చూసి రాయి. దేనికి భయపడుతుందో రాయనక్కర్లేదు. అది నాకు తెలుసు.

అమ్మ రాయడం ఆపి నా వంక చూస్తోంది. ఇక్కడికి చాలు.

ఆశీస్సులతో
సుందరరామయ్య

మయూర్ విహార్
21 సెప్టెంబర్ 2003

పూజ్యులైన నాన్నగారికి,

ట్యూషన్లు మానిపించాను. విష్ణుగారు రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత ఊరుకున్నారు. మీరు చూసి రాయమన్నారు కదా, చూశాను.

పోయిన ఆదివారం మా పై అంతస్తులోకి జానకీదేవిగారని నెల్లూరు వాళ్ళు దిగారు. వాళ్ళ ఇనపబీరువా రెండో అంతస్తు మలుపులో ఇరుక్కుపోయింది. మా మెట్లు ఎంత ఇరుకో మీకు తెలుసు. నలుగురు కూలీలు గంటసేపు తోశారు, లాగారు. చివరికి రెయిలింగు కోసేద్దామన్నారు. ఇషిత పైమెట్టు మీద గడ్డం మోకాళ్ళకి ఆనించి ఇదంతా చూస్తోంది. ఉన్నట్టుండి, "భయ్యా, ఐసే నహీ జాయేగా" అంది, ఇలా అయితే పోదని. బీరువాను వెనక్కి పడుకోబెట్టి, కాళ్ళు కిటికీ వైపు తిప్పి, అక్కడ నిలబెట్టి, అప్పుడు ఎత్తమంది. వాళ్ళు నవ్వారు. ఒక ముసలి కూలీ మాత్రం నవ్వలేదు. "బిటియా ఠీక్ బోల్ రహీ హై", పాప సరిగ్గానే చెబుతోంది అని మిగతావాళ్ళను కసిరి, అది చెప్పినట్టే తిప్పించాడు. రెయిలింగుకు గీత కూడా పడకుండా బీరువా పైకెళ్ళిపోయింది.

నీకెలా తెలిసిందే అనడిగితే, కళ్ళు మూసుకుని నుదురు మీద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ తిప్పి చూశాను." అందరూ అలా చూడగలరనే అనుకుంటోంది అది.

ఆ మర్నాడే సెలవు పెట్టి భాటియాగారనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. చదువులో వెనకబడిన పిల్లల్ని పరీక్ష చేస్తారావిడ. మూడుసార్లు కూర్చోబెట్టి చూశారు. దీన్ని డిస్లెక్సియా అంటారట. తెలివికి ఏ లోటూ లేదు, అక్షరాన్నీ దాని శబ్దాన్నీ ముడివేసే పని మాత్రం మెదడు వేరే దారిన చేస్తుందట. "ఇది ఉన్నవాళ్ళందరికీ బదులుగా ఏదో వరం దొరుకుతుందని నేను చెప్పను. కానీ కొందరిలో వస్తువు ఆకారాన్ని అన్ని వైపుల నుంచీ ఒకేసారి పట్టుకునే చూపు ఉంటుంది. మీ అమ్మాయికి ఆ చూపుంది. విన్నది గుర్తుపెట్టుకునే శక్తి కూడా. వాటిని ఆసరా చేసుకుని చదువు చెప్పాలి" అన్నారు.

మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉందా అని కూడా అడిగారు. మా వైపు ఎవరికీ లేదన్నాను. మా నాన్నగారు పిల్లల చదువు కోసం ప్రమోషన్ వదులుకున్న మనిషి అని గర్వంగానే చెప్పాను.

చెప్పి బయటికొచ్చాక ఆ రోజులన్నీ ముసురుకున్నాయి. నాకు పదహారేళ్ళప్పుడు మీకు ఆఫీసర్ పోస్టు వచ్చింది. గౌహతి వెళ్ళాలి, పిల్లల చదువు చెడుతుందని మీరు వద్దన్నారు. మీతోటివాళ్ళు ఒక్కొక్కరే పెద్ద క్వార్టర్లకు మారిపోతుంటే మనం ఆ ఒక్క గదిలోనే ఉండిపోయాం. మీకెప్పుడూ చెప్పలేదు గానీ, వాల్తేరులో నాకు ఎమ్మెస్సీ జియాలజీ సీటు వచ్చింది. ఆ కాగితం చింపేసి క్లర్కు పరీక్ష రాశాను. మాకోసం మీరు అంత వదులుకున్నప్పుడు ఇంటికోసం నేనీపాటి వదులుకోలేనా అనుకున్నాను. బాధతో రాయడం లేదు. ఇషితకోసం నేనేం వదులుకోవాలా అని ఆలోచిస్తుంటే గుర్తొచ్చింది, అంతే.

మీ
ఉమ

కాకినాడ
12 అక్టోబర్ 2003

అమ్మా ఉమా,

ఆ డాక్టరమ్మకు నువ్వు చెప్పింది తప్పు. మన వైపు ఒకరున్నారు. నేను.

నీ ఉత్తరం అమ్మ చదువుతుంటే వాల్తేరు దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నాను. మూడోసారి కూడా చదవమన్నాను. ఆ రోజంతా అన్నం దగ్గర కూర్చోలేకపోయాను. ఇక దాచుకోవడానికి మొహం చెల్లలేదు.

నాకు చదవడం రాదు. బొత్తిగా రాదని కాదు. ఒక్కో అక్షరం పట్టుకుని కూడబలుక్కుంటే ఒక పేజీకి ఒక పూట పడుతుంది. చిన్నప్పుడు ‘మ’కీ ‘య’కీ, ‘ప’కీ ‘వ’కీ తేడా ఇవాళ కనపడి రేపు కనపడేది కాదు. సామర్లకోట బడిలో నన్ను కొట్టని పంతులు లేడు. బెంచీ ఎక్కించి చదవమనేవారు. నోరు తెరిస్తే క్లాసంతా నవ్వేది. మా అక్క సీతారత్నం వసారాలో కూర్చుని పాఠాలు వల్లెవేస్తుంటే గోడవతల నిలబడి వినేవాణ్ణి. ఒకసారి వింటే నాకు పోయేది కాదు. అలా విన్నదాంతోనే మూడోసారికి స్కూల్ ఫైనల్ గట్టెక్కాను.

ఢిల్లీలో ట్రేసర్‌గా చేరాను. ఇంజినీర్లు గీసిన పటాన్ని పల్చటి గుడ్డ మీద ఇంకుతో తిరగగీయడమే ఆ పని. అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. చదవక్కర్లేదు, గియ్యాలి. పటం మీది పేర్లు కూడా నేను రాసేవాణ్ణి కాదు. బొమ్మ గీసినట్టు గీసేవాణ్ణి. ఆఫీసులో నా అంత ముచ్చటైన అక్షరం ఎవరికీ లేదనేవారు. నాకు లోపల నవ్వొచ్చేది.

మ్యాపుల్లో నేల ఎత్తుపల్లాలు చూపే వంకర గీతలుంటాయి. మిగతావాళ్ళకవి గీతలు. నాకు మాత్రం కాగితం మీంచి కొండ లేచి నిలబడేది, లోయ కిందికి దిగేది. నీళ్ళు పోస్తే ఎటు పారతాయో కనపడేది. ఒకసారి కొండప్రాంతంలో తవ్వబోయే కాలవ పటం నా బల్ల మీదికొచ్చింది. చూస్తూనే మా ఇంజినీరు గోవిందరాజులు గారి దగ్గరికెళ్ళి, "సార్, ఈ కాలవలో నీళ్ళు ముందుకు పోవు. ఊరి మీదికి వెనక్కి మళ్ళుతాయి" అన్నాను.

"లెక్క ఏదయ్యా?"

"లెక్క లేదు సార్. కనపడుతోంది."

ఆయన కోప్పడలేదు. అయితే తనక్కూడా చూపించమన్నారు. మర్నాడు ఇంట్లోంచి చపాతీ పిండి కలిపి పట్టుకెళ్ళి, ఆయన బల్ల మీద ఆ కొండలన్నీ చేసి, గ్లాసుతో నీళ్ళు పోశాను.

(రెండు కిలోల పిండి. నాతో ఒక్క మాట చెప్పలేదు. డబ్బా ఖాళీగా ఉంటే పిల్లి దూరిందేమో అనుకున్నాను. – అమ్మ)

మళ్ళీ కొలతలు తీయించారు. ఒక్క చోట ఎత్తు అంకె తారుమారై పడింది. కాలవ దారి మార్చారు. ఆ ఊరి పేరు నాకిప్పటికీ గుర్తుంది గానీ, వాళ్ళకు నా పేరు తెలీదు. అక్కర్లేదు కూడా.

గోవిందరాజులు గారు నన్ను ఆఫీసర్ని చేయాలని పట్టుబట్టారు. నీకు పదహారేళ్ళప్పుడు వచ్చింది ఆ పోస్టే. ఆఫీసరంటే పొద్దస్తమానం ఫైలు చదవడం, దాని మీద నోటు రాయడం. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, ఇది చూసి ఇప్పుడే రాసివ్వండి అంటారు. బెంచీ ఎక్కినట్టే. వద్దన్నాను.

(ఇక్కడ మీ నాన్న లేచి వరండాలోకి వెళ్ళారు. కాసేపటికి వచ్చారు. – అమ్మ)

పోస్టింగు గౌహతి కాదు ఉమా. ఢిల్లీలోనే. గౌహతి అని నేను కల్పించాను. మీ చదువు కోసమని అందరితో చెప్పాను. నాకు రాని చదువును దాచడానికి మీ చదువును అడ్డం పెట్టుకున్నాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మాను. నువ్వు కూడా నమ్మి, దానికోసం వాల్తేరు మానుకున్నావని నాకు తెలీదు. తెలిసుంటే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణని రాయించాలని ఉంది. కానీ నిజంగా నాకు తెలీదు.

పేపరు కూడా నీకు చదువు రావాలని చదివించలేదు. ఆఫీసులో నలుగురూ మాట్లాడుకునేది నాకూ తెలియాలని.

నాన్న

ఉమా, మీ నాన్న చెప్పింది ఉన్నదున్నట్టు రాశాను. పెళ్ళయిన మూడో నెలలో నాకు తెలిసింది. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకున్నారు. నీకు చెప్పకపోవడంలో నా తప్పూ ఉంది. – తాయారమ్మ

మయూర్ విహార్
3 నవంబర్ 2003

నాన్నగారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

చదవడం రాదన్నందుకు నాకు కోపం లేదు. అది తెలిసి ఏడ్చాను. బెంచీ మీద నిలబడ్డ ఆ పిల్లాడు కళ్ళముందు నుంచి పోవడం లేదు. కానీ గౌహతి! నేను చీర కొనుక్కున్నా, సినిమాకు వెళ్ళినా, పెళ్ళికి ఒప్పుకున్నా, నాన్న మాకోసం ఎంత వదులుకున్నారో అని ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. ఆ ముల్లు మీరు కల్పించినదా?

ఇరవై రెండేళ్ళుగా నేనేం ఉద్యోగం చేస్తున్నానో తెలుసా? ఫైళ్ళు చదివి వాటి మీద నోట్లు రాస్తున్నాను. మీరు భయపడి వదులుకున్న పనే. రాళ్ళూ కొండలూ చూడాలనుకున్న నేను, మీ బదులు ఆ కుర్చీలో కూర్చున్నాను.

కొన్నాళ్ళు నాకు ఉత్తరాలు రాయించకండి. అమ్మకు ఫోన్ చేస్తుంటాను.

ఉమ

కాకినాడ
జనవరి 6

అమ్మా ఉయా,

నువ్వు రాయించకండి అనావు. అందుకే నేనే రాస్తునాను. యీ అమ్మకు తెలీదు.

నీ వాల్తేరు నేను పోగొటాను. తపు నాది. కోపం ఉంచుకో. అది నాయం.

కానీ పిల్లను బెంచీ ఎకనివ్వకు.

ఇది రాయడానికి యూడు రోజులు పటింది.

నాన

మయూర్ విహార్
15 ఫిబ్రవరి 2004

నాన్నా,

మీ ఉత్తరం అందిన రోజు ఆఫీసుకు పట్టుకెళ్ళాను. భోజనాల వేళ అందరూ లాన్‌లో ఎండకు చలి కాచుకుంటుంటే నేను సీట్లోనే కూర్చుని చదివాను. మీ దస్తూరి నేను చూడటం అదే మొదటిసారి. నలభై నాలుగేళ్ళ కూతుర్ని! ఎన్నిచోట్ల గట్టిగా నొక్కారో వెనక్కి తిప్పితే వేలికి తెలిసింది. ‘ఉయా’ అన్నచోట చాలాసేపు ఆగిపోయాను.

వెంటనే జవాబు రాయలేదు. ముందు స్కూలు పని చూశాను.

ప్రిన్సిపాల్ దగ్గరికి ఈసారి విష్ణుగారు కూడా వచ్చారు. భాటియాగారి రిపోర్టు ఇచ్చి, ఇషితకు పరీక్ష నోటితో అడగండి, ప్రశ్న ఎవరైనా చదివి వినిపించండి అన్నాం. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. ఒక్క పిల్లకోసం పద్ధతి మార్చలేమంది. చివర్లో, "మిసెస్ ఉమా, ఇలాంటి పిల్లల మీద మరీ ఎక్కువ ఆశలు పెట్టుకోకండి" అంది.

నా బ్యాగులో మీ ఉత్తరం ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడకు తెలుగు రాదు. ఏమిటిది అనడిగింది. "ఈ నాలుగు ముక్కలు రాయడానికి మా నాన్నగారికి మూడు రోజులు పట్టింది మేడమ్. ఒక ఊరి మీదికి నీళ్ళు తిరగబోతున్నాయని కనిపెట్టడానికి మాత్రం ఆయన కాగితం వంక ఒక్కసారి చూస్తే సరిపోయింది" అన్నాను. చపాతీ పిండి సంగతి కూడా చెప్పాను. విష్ణుగారు నన్నే చూస్తున్నారు. ఆయనకూ అదే మొదటిసారి వినడం.

ఆవిడ ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుని కాసేపు చూసింది. చదవలేని భాష కదా, అక్షరాల వంకే చూసింది. తర్వాత క్లాస్ టీచర్ని పిలిపించింది. సైన్సూ సోషలూ నోటితో అడుగుతారు. లెక్కల ప్రశ్నలు చదివి వినిపిస్తారు. హిందీ, ఇంగ్లీషు మాత్రం రాయాల్సిందే, అందులో ఎన్ని మార్కులొచ్చినా నాలుగో క్లాసుకు పంపుతారు. అన్నీ దొరికాయని కాదు. ఊపిరాడింది.

ఇప్పుడు సాయంత్రాలు విష్ణుగారు పాఠం పైకి చదువుతారు. ఇషిత వంటింటి గట్టు మీద కూర్చుని వింటూ, ఊరుకోకుండా బంగాళాదుంపలతో, అగ్గిపుల్లలతో ఏదో కడుతుంటుంది. మొన్న గుండె పాఠం విని గోధుమపిండితో నాలుగు గదులూ చేసి, రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో ఆయనకే విప్పి చెప్పింది. ఆయన పుస్తకంలో సరిచూసుకున్నారు. పుస్తకం మూసి, "నేను దీన్ని బద్ధకమన్నాను ఉమా" అన్నారు.

నా కోపం పూర్తిగా పోలేదు నాన్నా. వాల్తేరు అన్నమాట ఎక్కడైనా వినపడితే కాస్త కదులుతుంది. ఉంచుకోమన్నారుగా, ఉంచుకుంటాను. అయినా ఈ మధ్య ఆ కరోల్ బాగ్ మెట్టు గుర్తొస్తే, గడ్డానికి సబ్బు నురగతో, చెవి నా వైపు పెట్టి నిలబడ్డ మనిషి కనిపిస్తున్నాడు. మీరు నాకు చదువు నేర్పుతున్నారనుకున్నాను. నేను మీకు చదివి పెట్టాను. ఏడేళ్ళ పిల్ల నాన్నకు ప్రతిరోజూ లోకం చదివి వినిపించింది. అది చిన్న సంగతేం కాదని ఇప్పుడనిపిస్తోంది.

నిన్న ఇషితకు మీ సంగతంతా చెప్పాను. చేస్తున్న బొమ్మ పక్కన పెట్టేసి విన్నది.

"తాతయ్యను కూడా టీచర్ నిలబెట్టేదా?"

"బెంచీ మీద."

"అందరూ నవ్వేవాళ్ళా?"

"నవ్వేవాళ్ళట."

"తాతయ్యకి డర్ లగ్‌తా థా?"

"భయం వేసేదట."

అది, "అచ్ఛా... పెద్దయ్యాక ఆ భయం పోతుందా?" అంది.

తాతయ్యనే అడుగుదువుగాని అన్నాను. నాకు తెలీదు. తెలిసినవారు మా ఇంట్లో మీరొక్కరే.

మార్చిలో మీరూ అమ్మా రండి. చలి తగ్గుతుంది, మా బ్లాకు ముందు బూరుగుచెట్టు ఆకు లేకుండా ఎర్రగా పూస్తుంది. టికెట్లు తమ్ముడితో చెప్పి తీయిస్తాను. వచ్చాక దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ ప్రశ్నకు మీరే జవాబు చెప్పాలి. చిన్నపిల్ల కదా అని ఏదో ఒక మంచిమాట కల్పించకండి. నిజమే చెప్పండి నాన్నా.

మీ
ఉమ